అట్ట ఇంట్లో అడ్డం

మధ్యాహ్నం అన్నం గంట కొట్టినా నవ్యశ్రీ లేవలేదు. అట్టముక్కలతో చేసిన చిన్న ఇంటికి పైకప్పు అతికిస్తోంది. లోపల బుల్లి లైటు కూడా పెట్టింది. స్విచ్ నొక్కితే ఇల్లంతా వెలుగుతుంది.

అంతకు పది రోజుల ముందు వాగు పొంగి వాడకట్టులోకి నీళ్లు వచ్చాయి. ఇళ్లు పడిపోయిన వాళ్లంతా బడిలోని రెండు పెద్ద గదుల్లో ఉంటున్నారు. అది చూసి నవనీత టీచర్ ఏడో తరగతికి ఈ పని ఇచ్చింది. ఇల్లు పోయినవాళ్లు రెండు నెలలు తలదాచుకునే ఇల్లు ఎలా ఉండాలో ఇద్దరిద్దరు కలిసి చేసి చూపించాలి.

నవ్యశ్రీకి జోడీ కావ్య. కావ్య వాళ్ల ఇల్లు కూడా పడిపోయింది. ఆమె ఇప్పుడు బడిలోనే ఉంటోంది.

"లోపట ఒక అడ్డం పెడదామే, తెర లెక్క" అంది కావ్య మెల్లగా.

"అడ్డం పెడితే లైటు సగమే కనవడ్తది. అందం పోతది. నీకు గివన్నీ తెల్వయి, ఊకో" అంది నవ్యశ్రీ.

కావ్య గమ్ము సీసా మూత పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం టీచర్ బిస్కెట్ పాకెట్లు ఇచ్చి, గదుల్లోని పిల్లలకు పంచి రమ్మంది. నవ్యశ్రీ మొదటి గది తలుపు తోసింది.

"ఆగు బిడ్డా, జరసేపు అటు తిరుగు" అని ఎవరో అన్నారు.

మూలన కావ్య వాళ్ల అమ్మ, నాయనమ్మ కమలవ్వ ఒక చీరను చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. చీర వెనక కావ్య స్నానం చేసి వచ్చి బట్టలు మార్చుకుంటోంది. గదిలో ఇంకో ఐదు కుటుంబాలు ఉన్నాయి. నవ్యశ్రీ గబుక్కున గోడ వైపు తిరిగింది.

కాసేపటికి కమలవ్వ దగ్గరికొచ్చి పాకెట్ అందుకుంది. "ఏమనుకోకు బిడ్డా. పది దినాల సంది గిదే మా గది."

"చీర పట్టుకునేటోళ్లు లేకుంటే ఎట్ల అవ్వా?"

"లేకుంటే ఆగుడే. నాకైతే చేతులు గుంజుతయి గని, ఎదిగే పిల్ల కద, పట్టకుంటె ఎట్ల."

నవ్యశ్రీ మిగిలిన పాకెట్లు పంచేసింది. బయట పంపు దగ్గర తువ్వాల పిండుతున్న కావ్య దగ్గరికి వెళ్లింది.

"కావ్యా, అడ్డం ఏడ పెట్టాలె?"

కావ్య తలెత్తలేదు. "లైటు కనవడదన్నవ్ కద."

"అన్న. గట్ల అనుడు తప్పే. నువ్వే చెప్పు."

కావ్య తువ్వాల భుజాన వేసుకుంది. తర్వాత పుల్ల తీసుకుని తడిమట్టిలో గీసింది. "ఈడ అడ్డం. ఈడ తీగ, తడిబట్టలకు. పైన ఒక అల్మార. నా పుస్తకాలు కిందుండే గదా, అన్నీ నానిపోయినయ్."

అట్ట ఇంటిని తనతో ఇంటికి తీసుకెళ్లగానే నవ్యశ్రీ దాని పైకప్పు ఊడదీసింది. అతికించినది ఊడదీస్తుంటే అట్ట చిరిగింది. చిరిగినా ఆపలేదు. ఆ తర్వాత సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే బాపు దగ్గరికి వెళ్లి, జరిగినదంతా చెప్పింది. నేతలో దారాలు తెగి అమ్ముడుపోని బట్ట ఆయన దగ్గర ఒక చుట్ట ఉంది. బాపు అది భుజాన వేసుకుని, తాడు తీసుకుని, తెల్లవారి కూతురితో పాటే బడికి వచ్చాడు.

బడి మొదలయ్యేలోపే గది మూలన తెర లేచింది. కమలవ్వ దాన్ని అటూ ఇటూ లాగి చూసింది. బట్టలు తీసుకుని ఒక్కతే లోపలికి వెళ్లింది.

నవ్యశ్రీ కావ్యను తీసుకుని రెండో గదికి వెళ్లింది. అక్కడ గంగయ్య తాత చాప మీద కూర్చుని ఉన్నాడు. నవ్యశ్రీ ఆయన ఎదుట కూర్చుని, అట్ట ఇంట్లో ఇంకేం కావాలో రాసుకునేందుకు నోట్‌బుక్ తెరిచింది.

"తాతా, గీడ ఉండుట్ల నీకేం తిప్పలయితుంది?"

తాత మోకాలు రుద్దుకుంటూ ఆలోచించాడు. నవ్యశ్రీ పెన్సిలు పట్టుకుని, ఆయన నోరు తెరిచేదాకా కూర్చుంది.