కొంగు చాటు నవ్వు

పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లుతున్నంతసేపూ రత్నాలమ్మ ధ్యాస ఒక్కదాని మీదే ఉంది. కాసేపట్లో కోటబొమ్మాళి నుంచి పెళ్లివారు వస్తారు. కూతురు భార్గవి పళ్లు కనబడకుండా నవ్వితే చాలు, సంబంధం కుదిరిపోతుంది.

ఆ పళ్లు రత్నాలమ్మ పోలికే. పైవరస ముందుకి వాలి, పెదవి దాటి తొంగిచూస్తాయి. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం ఆమెకి ఓణీలు వేసిన నాటి అలవాటు. భర్త జోగారావు సరదాగా ఎన్నిసార్లు కొంగు లాగినా ముఖం తిప్పేసుకునేది. పాపం, భార్య నోరారా నవ్వగా చూడకుండానే పోయాడాయన. ఇప్పుడా ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే. వాళ్లకంటే టీవీయే ఎక్కువ మాట్లాడుతుంది.

కిందటేడు పిల్లని పలాసలో పళ్ల డాక్టరమ్మకి చూపించింది. ఈ మాత్రం వాలు నవ్వుకి అందమేననీ, క్లిప్పులు వేసి మరీ లోపలికి లాగేస్తే పై పెదవి జారి ముఖం కళ తప్పుతుందనీ ఆవిడ నచ్చజెప్పింది. రత్నాలమ్మ చెవికెక్కితేనా! ఊరడింపు మాటలనుకుంది. ఆనాటి నుంచీ ఫోటో తీసినా, చుట్టాలొచ్చినా, మూతి ముయ్యవే అంటూ పిల్ల వెంటపడింది. చెప్పగా చెప్పగా భార్గవి నవ్వడమే మానేసింది. బుద్ధొచ్చిందని మురిసిపోయింది తల్లి.

ఎండెక్కినా కూతురి గది తలుపు తెరుచుకోలేదు. విసుక్కుంటూ వెళ్లి ముసుగు లాగింది రత్నాలమ్మ. భార్గవి పెదవులు రెండూ వాచిపోయి ఉన్నాయి. అంచుల్లో పొక్కులు. అవేమిటో జీడితోటల ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు పచ్చి జీడిపిక్క కొరికి మూతి కాల్చుకోని వాళ్లుండరక్కడ. కానీ ఇది పెళ్లీడు పిల్ల.

“ఏటి సేసేవే?”

“నిన్న తోటలో పిక్క సితక్కొట్టి సొన రాసుకున్నానమ్మా. పెదాలు కొంచిం వాత్తే పళ్లు మూసుకుపోతాయనుకున్నాను. ఇంతలా పొక్కుద్దనుకోలేదు.”

రత్నాలమ్మ ఒంటికాలిమీద లేచింది. పెళ్లివారికి ఏ ముఖం చూపించాలని, ఊళ్లో ఎలా తలెత్తుకోవాలని నోటికొచ్చినట్టల్లా తిట్టింది. భార్గవి అంతా విని, మెల్లగా అంది.

“ఇవి నీ పళ్లే గదమ్మా. వీటిని సూసి నువ్వు సిగ్గుపడతంటే, నన్ను సూసే సిగ్గుపడతన్నావనిపిత్తాది. నాన్న పోయాక ఈ ఇంట్లో నవ్వన్నది ఇన్లేదు నేను. నువ్వున్నా ఒక్కదాన్నే ఉన్నట్టుంటాది.”

రత్నాలమ్మ మంచం అంచున కూలబడింది. ఆ ఇంట్లో ఒంటరిది తనొక్కతేననుకుంది ఇన్నాళ్లూ. పక్క గదిలో పిల్ల కూడా అలాగే కుమిలిపోతోందని ఆమెకి తట్టనే లేదు.

లేచి వెళ్లి పెళ్లికొడుకు తల్లి కాంతానికి ఫోన్ చేసింది. జ్వరమన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

“పిల్లకి మూతి పొక్కిపోయిందొదినా, తగ్గాక రండి. ఇంకో మాట. దాని పళ్లు ముందుకుంటాయి. అది నవ్వుద్ది. నచ్చితేనే రండి.”

ఆలోచించి చెబుతామంది కాంతం. ఆ గొంతులో చల్లదనం తెలుస్తూనే ఉంది. వస్తే వస్తారు, లేకపోతే లేదు.

రత్నాలమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చి, కూతురి పెదవులకి వేలికొసతో రాయసాగింది. భార్గవి మంటకి ఉస్సుమంటూనే అడిగింది.

“ఎలాగున్నానమ్మా?”

“కోతిపిల్లలాగున్నావు.”

అనేసరికి రత్నాలమ్మకే నవ్వొచ్చింది. చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. పోయి, ఆగింది. కొంగు వదిలేసి, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా పైకే నవ్వింది. తనూ నవ్వబోయి, పెదవి చుర్రుమనేసరికి భార్గవి ఆగిపోయింది. తల్లి పళ్లు అలా చూడటం ఆ పిల్లకి అదే మొదటిసారి.

“నాన్న సూడాల్సిందమ్మా,” అంది.