అత్తయ్య గొంతు, బొత్తాం కడుపు

"ఆగండి! ఎవరూ అడుగు ముందుకెయ్యొద్దు!"

హాల్లోంచి లేచిన అత్తయ్య గొంతు రెండు గదులు దాటి, పళ్ళు తోముకుంటున్న కోడలి చెవిలో పడింది. నోట్లో బ్రష్షుతోనే ఆమె గుమ్మం దగ్గర బొమ్మలా నిలబడిపోయింది. వంటింటి గుమ్మంలో ఆమె భర్త ఒక కాలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఆ ఇంట్లో అత్తయ్య ఆగమంటే ముందు ఆగడం, ఎందుకో తర్వాత అడగడం అలవాటు.

"తలుపు పక్కన ఒకటి, కుర్చీ కింద ఒకటి. చూసుకుని నడవండి," అంటూ అత్తయ్య వేలు పెట్టి చూపించింది. "దీని కడుపు మళ్ళీ చెడింది."

సోఫా వెనక నుంచి బొత్తాం ముక్కు మాత్రం బయటపెట్టి చూసింది. గుప్పెడంత కుక్క. గుండ్రంగా నల్లగా ఉన్న ఆ ముక్కును చూసే అత్తయ్య దానికా పేరు పెట్టింది. పక్కవీధిలో పుట్టిన పిల్లల్లో అన్నిటికంటే బక్కదాన్ని ఏరి, చీర కొంగులో చుట్టి తెచ్చిందీ ఆవిడే. తెచ్చిన దగ్గర్నుంచీ దాని కడుపుతో ఒకటే గొడవ. నాలుగు రోజులు బాగుంటుంది, హమ్మయ్య అనుకునేలోపు కథ మళ్ళీ మొదటికొస్తుంది.

అత్తయ్య డ్రిల్లు టీచరుగా రిటైరైంది. స్కూలు మైదానం ఈ చివర నిలబడి ఆ చివర పిల్లవాడికి బూటు లేసు ఊడిందని చెప్పగల గొంతు ఆవిడది. రిటైరైన రోజు ఈలను స్కూల్లో అప్పజెప్పి వచ్చింది కానీ గొంతును అప్పజెప్పమని ఎవరూ అడగలేదు. కోడలు బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడాగుతుందో పొద్దస్తమానం మైకులో చెబుతుంది. హారన్ల మధ్య డ్యూటీ చేసి ఇంటికొస్తే చెవులు కాస్త చల్లబడాలనిపిస్తుంది. "కొంచెం మెల్లగా చెప్పండత్తయ్యా" అని పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన మాట ఇప్పటికీ నడుస్తోంది. "మెల్లగానే చెబుతున్నాగా!" అని వీధి చివరిదాకా వినపడే జవాబూ నడుస్తోంది.

ఆ సాయంత్రం ముగ్గురూ బొత్తాంను కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ దాని పొట్ట నొక్కి, నాలుక చూసి, మెడ కింద కాసేపు గోకి, "భయపడాల్సిందేమీ లేదు. పురుగుల్లేవు, జ్వరం లేదు. సున్నితమైన కడుపు, అంతే," అంది. "ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, అందులో ఈ పొడి కలపండి. కొంచెం కొంచెంగా పెట్టండి. మనం తినేది ఏదీ పెట్టకూడదు. ఏదీ అంటే ఏదీ."

బేకరీలో పనిచేసే భర్త ఆ మాట వింటూ గోడమీది పిల్లి బొమ్మను చాలా శ్రద్ధగా చూశాడు.

"ఇంట్లో గోలగా ఉంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ. "కొన్ని చిన్న కుక్కలు దానికి కూడా కంగారు పడతాయి."

"అబ్బే, అస్సలుండదండీ!" అంది అత్తయ్య. బయట వరుసలో కూర్చున్న ఎవరిదో పిల్లి బుట్టలోకి దూరింది.

ఇంటికొచ్చాక కోడలు మైకు గొంతు తీసింది. కోపమొస్తే ఆమె అరవదు. మాటలన్నీ ఇస్త్రీ పెట్టినట్టు నున్నగా వస్తాయి.

"అత్తయ్యా, దయచేసి ఒక విషయం గమనించండి. బొత్తాం కడుపు చెడుతున్నది మీ గొంతు వల్లే. డాక్టరమ్మ చెప్పారు కదా. ఇకనుంచి ఇంట్లో ఎవరూ అరవకూడదు."

డాక్టరమ్మ అలా అనలేదు. కోడలికీ తెలుసు. కానీ మాట నోరు దాటాక అత్తయ్య మొహం చూసి, సర్దుకోవడానికి వెనకాడింది. అత్తయ్య తల వంచింది. ఒళ్ళో ఉన్న బొత్తాం పొట్ట మీద చెయ్యి వేసి, "నా వల్లేనట్రా?" అంది. పెళ్ళయ్యాక ఆవిడ మెల్లగా మాట్లాడగా కోడలు వినడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి ఇల్లు మూగబోయింది. అత్తయ్య నోరు మెదిపితే ఒట్టు. భోజనానికి రమ్మనాలంటే రెండు చేతులూ పైకెత్తి ఊపుతుంది. ఉప్పు ఎక్కువైందనడానికి నడుం మీద చేతులు పెట్టి తల అటూ ఇటూ తిప్పుతుంది. పాలవాడికి అరలీటరు చాలని డ్రిల్లు సైగలతో చెబితే, ఈవిడకేదో అయిందనుకుని అతను పాలగిన్నె గేటు పక్కన పెట్టి చక్కా పోయాడు. మెట్టెలు చప్పుడు చేస్తున్నాయని గుడ్డపీలిక చుట్టుకుని పిల్లిలా నడుస్తోంది. మొదట్లో కోడలికి నవ్వొచ్చింది. తర్వాత హాయిగా అనిపించింది. ఇంకొన్నాళ్ళకి, డ్యూటీ దిగి తాళం తీసేటప్పుడు లోపలి నుంచి "వచ్చావా! కాళ్ళు కడుక్కో!" అన్న కేక వినపడకపోతే ఎవరింటికో వచ్చినట్టు అనిపించసాగింది.

ఇంత చేసినా బొత్తాం బాగుపడిందా అంటే, లేదు. ఇంకా చెడింది. కోడిమాంసం వాసన చూసి మొహం తిప్పేసుకుంటోంది. మంచం కింద చేరి బయటికి రానంటోంది. పొట్ట గుడగుడలు పక్కగదిలోకి వినపడుతున్నాయి.

ఆదివారం పొద్దున్నే కోడలు లేచేసరికి గుమ్మం దగ్గర అత్తయ్య చేతిసంచి కనిపించింది. పక్కన గొడుగు, మడతపెట్టిన శాలువా.

"ఇదేంటత్తయ్యా? ఎక్కడికి?"

"మా చెల్లెలి ఇంటికమ్మా," అంది అత్తయ్య గుసగుసగా. "గొంతు తగ్గించి చూశాను. నోరే మూసుకుని చూశాను. అయినా దానికి నయం కాలేదంటే నేనిక్కడ ఉండడమే దానికి పడట్లేదేమో. అది నాకు పిల్లతో సమానం. నేను పోతే బాగుపడుతుందంటే పోతాను."

"అలా ఎందుకంటారు? అదేం కాదు," అంది కోడలు. ఈసారి మాట నున్నగా రాలేదు. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచేలోపే అత్తయ్య చెయ్యెత్తి ఆపింది.

"దానికి కనిపించి వస్తాను," అని గుడ్డ చుట్టిన మెట్టెలతో చప్పుడు చెయ్యకుండా వెళ్ళి మంచం కింద చూసి, అది అక్కడ లేకపోయేసరికి వంటింటి వైపు నడిచింది. వెనకే కోడలు నడిచింది.

వంటింట్లో బియ్యం డబ్బా వెనక నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు భర్త. ఒళ్ళో బొత్తాం. చేతిలో క్రీము బిస్కెట్టు. "ఇదొక్కటే రా కన్నా, మళ్ళీ అడక్కూడదు," అని బతిమాలుతూ దాని నోటికి అందిస్తున్నాడు. పక్కనే కేకుల అంచులు నింపిన కాగితం సంచి.

అత్తయ్యలో ఇన్నాళ్ళూ ఆగిన గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఒరేయ్! దించు! బిస్కెట్టు కింద దించు!"

గిన్నెల స్టాండు ఘల్లుమంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. అతను బిస్కెట్టు దించబోయి చేతులు రెండూ పైకెత్తేశాడు. కోడలు గబుక్కున కుక్క వైపు చెయ్యి చాచింది. ఇంకేముంది, బొత్తాం హడలిపోయి మంచం కిందికి దూరుతుందనుకుంది.

బొత్తాం దూరలేదు. చెవులు రిక్కించింది. ఒళ్ళోంచి ఒక్క గెంతు గెంతి అత్తయ్య కాళ్ళ చుట్టూ గిరగిరా తిరిగింది. తోక ఊపీ ఊపీ నడుమంతా ఊగిపోయింది. చివరికి ఆవిడ ఎదుట నిటారుగా కూర్చుని, ఇంకో కేక వెయ్యవేం అన్నట్టు మొహంలోకి చూసింది.

 భర్త తేలు కుట్టిన దొంగలా నసిగాడు.

"అంటే... మొదట్నుంచీ ఎప్పుడైనా ఒక ముక్క పెట్టేవాణ్ణమ్మా. నీ కేక వినపడగానే జేబులో దాచేసుకునేవాణ్ణి. ఈమధ్య నువ్వు అరవట్లేదు కదా, ఆపేవాళ్ళు లేక కాస్త ఎక్కువైంది. పాపం, నీ గొంతు వినపడక అది దిగులుగా కూర్చుంటే చూడలేకపోయాను."

"దిగులు పోవడానికి దాని కడుపు చెడగొడతావట్రా, వెర్రి నాగన్నా!"

కోడలు నవ్వబోయింది. నవ్వు బదులు ఏడుపొచ్చింది. అత్తయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మీ గొంతు వల్లేనని డాక్టరమ్మ అనలేదత్తయ్యా. నేనే అన్నాను. బస్టాండులో చెవులు హోరెత్తిపోయి, ఇంట్లో నాకు నిశ్శబ్దం కావాల్సొచ్చింది. నా తలనొప్పి తెచ్చి దాని కడుపుకి అంటగట్టాను. వెళ్ళకండి. మీరు కేకెయ్యకపోతే ఇంటికొచ్చినట్టే ఉండట్లేదు."

అత్తయ్య కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. "తలనొప్పైతే తలనొప్పి అని చెప్పొచ్చుగా పిచ్చిపిల్లా. నువ్వు పడుకునేటప్పుడు నేను నోరు కట్టేసుకోలేనా? మైదానంలో అయితే అరిచాను కానీ, పరీక్ష హాల్లో అరిచానా?"

సంచి లోపలికెళ్ళింది. కేకుల అంచులు వీధి చివరి చెత్తకుండీలోకి వెళ్ళాయి, అదీ కొడుకు చేత్తోనే, గేటు దగ్గర నిలబడిన అత్తయ్య "ఎడమ, కుడి" అంటుండగా. బొత్తాం గిన్నె బాధ్యత కూడా అతనికే పడింది. దాంతో దాని కడుపు మెల్లగా దారికొచ్చింది. గుడగుడలు ఆగాయి, కోడిమాంసం కోసం గిన్నెను నేలకేసి కొట్టేంత ఆకలి మొదలైంది.

ఒకరోజు కోడలు తెల్లవారుజాము డ్యూటీ చేసొచ్చి, మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకుంది. తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది. అత్తయ్య మునివేళ్ళ మీద వచ్చి మంచం పక్కన వంగింది. చంకలో బొత్తాం. ఆవిడ మొహం వెలిగిపోతోంది. చెప్పకుండా ఆగలేక, చెబితే నిద్ర చెడుతుందని చెప్పలేక, పెదాలు వణికిపోతున్నాయి.

"అమ్మాయ్," అంది ఊపిరంత మెల్లగా. "డాక్టరమ్మ చూసింది. కడుపు పూర్తిగా బాగైందట. పొడి ఆపేయమంది."

కోడలు ప్రతి మాటా విన్నది. దుప్పటి కిందికి లాగి, నవ్వు దాచుకుని, లేచి కూర్చుంది.

"వినపళ్ళేదత్తయ్యా," అంది. "కొంచెం గట్టిగా చెప్పండి."