నిసార్ అహ్మద్ పేరు తీసేసిన పేజీ

అల్లా తోడు శ్రీవాణీ, పక్కింటి పిల్లవని నీకు చెబుతున్నా. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఇప్పుడే ఎండి రాలిపోవాలి.

మస్కట్ అవతల అల్ హైల్‌లో మా అబ్బాయి సమీయుల్లా టైపింగ్ షాపు పెట్టిన కొత్త. మధ్యాహ్నం. ఆ ఎండకి రోడ్డు మీద ఒంటె నిలబడితే కరిగిపోయి మూపురమొక్కటే మిగిలేది. అంగళ్లన్నీ షట్టర్లు దించుకుని నిద్రపోతున్నాయి. నేను క్యారియర్ పట్టుకుపోయేసరికి వీడొక్కడే లోపల, మసకచీకట్లో, కంప్యూటర్ ముందు.

ఖురియాత్ రేవు మీద రిపోర్టు. రాసిన ఇంజనీరు నిసార్ అహ్మద్, పాపం, ఆ సముద్రంలోనే పోయాడు. "వాడి పేరు తీసెయ్, నాది పెట్టు" అన్నాడంట పై ఇంజనీరు. మావాడి వీసా ఆయన చేతిలో ఉంది. తీసేశాడు.

ఆ కంప్యూటర్లో పేజీ పేజీలా కనబడదమ్మా. రిపోర్టు పేరు ఇది, రాసింది ఫలానా వాడు అని ఆజ్ఞలు రాసిపెట్టాలి. పేజీ ఎట్లా కుదిరిందో కాగితం బయటికొస్తేనే తెలిసేది.

ప్రింటరు అరిచింది. మస్కట్ దాకా వినబడే ఉంటుంది. మొదటి పేజీ మీద… నిసార్ అహ్మద్.

"తీశావు కదరా?"

"తీశానమ్మీ. చూడు, తెర మీద ఆయన పేరే లేదు."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆ పేరే. కాగితం తడిగా ఉంది. నాచు వాసన.

"అయితే ఎవరి పేరూ వద్దు" అని ఆ చోటు ఖాళీ చేశాడు మొండివెధవ.

కరెంటు పోయింది. తెర ఆరింది. ఏసీ ఆగింది. ప్రింటరు ఆగలేదు… మెల్లగా… ఒక్కో అక్షరం…

షట్టరు సందు వెలుగులో వాడే చదివాడు, గుసగుసగా. "మర్హూమ్ సమీయుల్లా."

చచ్చిపోయినవాళ్ళ పేరు ముందు మేం పెట్టే మాట అది. తుమ్మెద రెక్కల్లాంటి నా జుట్టు ఆ నిమిషంలోనే ఇట్లా తెల్లబడింది.

"ఆయన పేరు ఆయనకిచ్చెయ్యరా!"

"వీసా పోతే?"

"పోతే కడపలో బొరుగులమ్ముకుందాం."

కరెంటొచ్చాక ఇచ్చేశాడు. పేజీ పొడిగా, శుభ్రంగా వచ్చింది. పై ఇంజనీరు చూశాడు. చేత్తో ముట్టకుండా రుమాలుతో పట్టుకుపోయాడు.

మావాడి పేరున్న కాగితం నేనే తగలబెట్టాను. దాని మీదున్న తేదీ ఒక్కటే నా బుర్రలో మిగిలిపోయింది. తేదీ రాయకుండా వదిలేస్తే ఆ మిషనే ఆరోజు తేదీ వేసుకుంటుందంట. మేం రాయలేదు. అది ఆరోజుది వెయ్యలేదు… ఇన్నేళ్ళ తర్వాతది వేసింది.

ఈరోజుది.

అందుకే పొద్దున్నుంచి వాణ్ణి గడప దాటనియ్యలేదు. కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకుని నమాజు చదువుతానని చెంబుతో నీళ్ళు తీసుకుని బాత్రూంలోకి పోయాడు. నీళ్ళ ట్యాంకరు నిన్నటి నుంచి రాలేదు, కొళాయిలో చుక్క లేదు. అయినా లోపల ధారగా పడుతున్నాయి… వినబడుతోందా?

నా మోకాళ్ళు లేవనియ్యడం లేదమ్మా. నువ్వు పోయి తలుపు కొట్టి, అన్నానికి రమ్మను.