నోరు విప్పని మిడి ఫైళ్ళు

"ఖాళీ ఫైళ్ళు పంపి నా మీద కక్ష తీర్చుకుంటున్నారా మాస్టారూ?"

అవతల ఫోనెత్తగానే, హలో అయినా అనకుండా పాటల టీచర్ అడిగిన మొదటి మాట ఇది.

కీబోర్డ్ మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "ఖాళీ ఏంటండీ? పెన్‌డ్రైవ్‌లో అయిదు పాటలూ ఉన్నాయి."

"ఉన్నాయి. కళ్ళకి కనిపిస్తున్నాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రంగురంగుల గీతలు బారులు తీరాయి. ప్లే నొక్కితే నిలువు గీత ఈ చివర నుంచి ఆ చివరకి షికారు కూడా చేస్తోంది. చప్పుడే లేదు!"

"స్పీకర్ చూశారా?"

"నిన్న రికార్డ్ చేసిన పిల్లల గొంతులు గణగణ మోగుతున్నాయి. మీ మిడి ఫైళ్ళే నోరు విప్పడం లేదు."

"మా ఇంట్లో కీబోర్డ్‌లో పెడితే బాగానే మోగాయండీ."

"అయితే రేపు మీ ఇంట్లోనే పెట్టుకోండి ప్రోగ్రాం!" అని ఫోన్ పెట్టేసింది.

పెట్టేశాక కుర్చీలో కూలబడింది. ఆ కోపమంతా నిజానికి భయమే. అకౌంట్స్ ఉద్యోగం మానేసి, ఇంటి ముందు గదిలో పిల్లలకి పాటల క్లాసు మొదలుపెట్టింది. రేపు సాయంత్రం స్కూల్ హాల్లో వాళ్ళ మొట్టమొదటి ప్రోగ్రాం. తల్లిదండ్రులంతా వస్తున్నారు. వెనక సంగీతం లేకపోతే పిల్లలు రెండో లైనుకే తలో దారి పడతారు.

పోయిన వారం రిహార్సల్లో ఆమే నోరు జారింది. "మీ వేళ్ళు నిద్రపోతున్నాయా మాస్టారూ? పిల్లలకి ఆవులింతలొస్తున్నాయి!" అని అందరి ముందూ అనేసింది. ఆయన కీబోర్డ్ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం వెళ్ళడం వానకి తడిసిన మెట్ల మీద జారి, కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరగ్గొట్టుకున్నాడు. సంగతి తెలిసినా చూడ్డానికి వెళ్ళలేకపోయింది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? నిన్న ఒక పాప వాళ్ళమ్మ చేత, ప్రోగ్రాంలో వేసుకోమని ఆయనే పెన్‌డ్రైవ్ పంపాడు. తీరా చూస్తే మూగ పాటలు.

"చెయ్యి విరిగిన మనిషిని ఎందుకే అలా కసురుతావు?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"పంపనని చెప్తే వేరే దారి చూసుకునేదాన్ని కదమ్మా!"

కాసేపటికి బెల్ మోగింది. తలుపు తీస్తే మాస్టారు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కట్టు తడవకుండా చేతికి పాలిథిన్ కవర్ చుట్టుకున్నాడు. చంకలో ముడిచిన గొడుగు.

"గొడుగు ఉందిగా?"

"ఒంటి చేత్తో తెరవడం రాలేదండీ."

నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. అమ్మ తువ్వాలు తెచ్చిచ్చి, ఆయన్ని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

ఎడమ చేత్తో మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు స్క్రీనంతా పరుగులు పెట్టింది. "మీరు పట్టుకోండి, నేను చెప్తాను" అన్నాడు. కుర్చీ పక్కకి లాక్కుని కూర్చుంది.

ఆయన ముందుకు వంగి చూశాడు. "ఈ ట్రాక్ మీద వాయిద్యం ఏదండీ?"

"వాయిద్యమేంటి? మీరు వాయించిందేగా?"

"అక్కడే పప్పులో కాలేశాం. పిల్లల రికార్డింగ్‌లో గొంతు ఉంటుంది. మిడిలో చప్పుడే ఉండదు. ఏ స్వరం ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, అంతే ఉంటుంది. నా కీబోర్డ్‌లో వాయిద్యాలు లోపలే ఉన్నాయి కాబట్టి మోగింది. ఇక్కడ మనమే పెట్టాలి. నాకూ ఇప్పుడే వెలిగింది."

"అంటే... మీరు ఖాళీవి పంపలేదన్నమాట."

"ఎందుకు పంపుతానండీ?"

అంత మామూలుగా అనేసరికి ఆమె చెవులు వేడెక్కాయి. గబగబా వాయిద్యాల లిస్టు తెరిచి, పియానో ఎంచుకుని, ట్రాకులన్నింటికీ తగిలించి ప్లే నొక్కింది.

స్పీకర్లోంచి పాట వచ్చింది. దాంతో పాటే వంటింటి గిన్నెల మీద పిల్లి దూకుతున్నట్టు ధనాధన్ మోత కూడా వచ్చింది.

"ఇదేనా పాట?" అమ్మ కంగారుగా తొంగిచూసింది.

"డ్రమ్ముల ట్రాక్‌కి కూడా పియానో పెట్టేశారు!"

"మీరేగా వాయిద్యం పెట్టమన్నారు!"

"పెట్టమన్నాను, ఎవరి వాయిద్యం వాళ్ళకి!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. డ్రమ్ముల ట్రాక్‌కి డ్రమ్ములు పెట్టి మళ్ళీ నొక్కింది. ఈసారి పాట గదంతా నిండింది.

"హమ్మయ్య!" అంటూ వెనక్కి వాలింది. అమ్మ నిశ్చింతగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాట సాగుతుంటే ఆమెకొక అనుమానం వచ్చింది. "ఇది రెండు చేతుల పాట కదా? ఈ కట్టుతో ఎలా వాయించారు?"

"ఎడమ చేత్తోనే. ముందు దాని భాగం వాయించి, తర్వాత కుడి చేతిది కూడా దాంతోనే... తప్పుపోయిన చోట మళ్ళీ మళ్ళీ."

"అయిదు పాటలూనా?"

ఆయన తలూపాడు.

"నేనన్న మాటకి కోపం రాలేదా?"

"రాకేం! మనసులో మీతో పోట్లాడుతూనే కదా మెట్ల మీద జారింది."

"అయ్యో, అయితే ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనే!"

"సగం మీరు, సగం వాన."

నవ్వబోయింది గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్లల ముందు అలా అనకుండా ఉండాల్సింది. క్షమించండి. మరి ఇంత తిట్టించుకుని ఎందుకు ఇంత కష్టపడ్డారు?"

మాస్టారు కిటికీ బయట వాన వైపు చూశాడు. "ప్రోగ్రాం పాడై మీరు క్లాసు మూసేస్తే, నేను మిమ్మల్ని చూడ్డానికి ఏ వంక పెట్టుకుని రావాలండీ? అసలు నెమ్మదిగా వాయించేది కూడా అందుకే. పాటలు త్వరగా అయిపోతే కీబోర్డ్ సర్దుకుని ఇంటికి పోవాలి కదా."

ఆమె మౌస్ అందుకుని పాటని మళ్ళీ మొదటికి తిప్పింది. "వంక పెట్టకుండానే రావచ్చు."

"రోజూనా?"

"రోజూనే."

మర్నాడు స్కూల్ హాల్లో పిల్లలు ఒక్క లైనూ తప్పకుండా పాడారు. చప్పట్లు ఆగాక పాటల టీచర్ మైకు తీసుకుని, "ఈ సంగీతమంతా మాస్టారు ఎడమ చేత్తో వాయించింది" అంది. ముందు వరుసలో ఆయన సిగ్గుతో కుర్చీలోకి కుంగిపోయాడు.

జనం కదిలాక ఆయన తల్లి నేరుగా ఆమె దగ్గరికొచ్చింది. వెనకాలే మాస్టారు, "అమ్మా, ఇక్కడొద్దే" అని బతిమాలుతున్నాడు.

"వీడు ఎడమ చేత్తో చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడమ్మా. అలాంటివాడు గది తలుపేసుకుని అయిదు పాటలు వాయించాడంటే నాకు అప్పుడే అర్థమైపోయింది."

"ఏం... ఏం అర్థమైందండీ?"

ఆవిడ ఆమె గడ్డం పట్టుకుని నవ్వింది. "ఇంకా అండీ ఏంటే? అత్తయ్యా అను."

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన ఊపిరి బిగబట్టి ఆమె పెదవులనే చూస్తున్నాడు.

"అత్తయ్యా" అంది పాటల టీచర్.

అప్పుడు గానీ మాస్టారు ఊపిరి వదల్లేదు.