మెచ్చుకోలు ఉత్తరం

మీ కోసం ఎవరో అమ్మాయి వచ్చిందని రిసెప్షన్ నుంచి ఫోన్ రాగానే సాయిచంద్ జుట్టు సర్దుకుని మరీ కిందికి దిగాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం మొదలుపెట్టాక అతని కోసం ఒక అమ్మాయి రావడం అదే మొదటిసారి మరి. తీరా చూస్తే జాయ్స్. పది రోజుల కిందట బొంబాయి నుంచి వస్తున్న విమానంలో అతన్ని కాపాడిన ఎయిర్ హోస్టెస్. కుడిచెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. ఎడమచేతిలో ఒక కాగితం ఉంది.

"ఈ ఉత్తరం రాసింది మీరేనాండి?"

"నేనే రాసిన" అన్నాడు మురిసిపోతూ. థాంక్స్ చెప్పడానికి వచ్చిందనుకున్నాడు పిచ్చి మారాజు.

"దీనివల్ల నా ఫ్లైట్ డ్యూటీ ఆపేశారు. సోమవారం ఎంక్వైరీ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది."

సాయిచంద్ ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఆ రోజు మబ్బుల్లో విమానం ఊగుతుంటే బెల్టు లైటు వెలిగింది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయని ప్రపంచమంతా పరేషాన్ అవుతున్న రోజులవి. అతను మూడు నెలలు కూర్చుని సరిచేసిన ప్రోగ్రాముల టేపులు పై అరలోని సంచిలో ఉన్నాయి. అవెక్కడ పాడవుతాయోనని బెల్టు విప్పి లేచాడు. జాయ్స్ కూర్చోమని ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పింది. వింటేగా! చివరికి తనే వచ్చి, భుజాలు పట్టి కూర్చోబెట్టి, బెల్టు బిగించింది. అంతలో విమానం ధబేలున కిందికి జారింది. ఆమె పైకప్పుకు తగిలి నడవలో పడింది. భుజం ఎముక విరిగింది.

ఇంటికొచ్చాక కళ్ళు మూసినా తెరిచినా ఆ అమ్మాయే. ఉండబట్టలేక ఎయిర్‌లైన్స్ వాళ్ళకు మెచ్చుకోలు ఉత్తరం రాశాడు. సిబ్బంది కూడా కూర్చోవాలని కెప్టెన్ ప్రకటించినా, ప్రాణానికి తెగించి సీట్లోంచి లేచి వచ్చిందని రాశాడు. తను బెల్టు విప్పిన సంగతి మాత్రం మింగేశాడు. గొప్పగా ఉంటుందని కల్పించిన ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది.

కెప్టెన్ చెప్పాక లేవడం తమ ఉద్యోగంలో పెద్ద తప్పని జాయ్స్ చెప్పింది. నిజానికి ఆ ప్రకటన ఆమె అతని బెల్టు బిగిస్తుండగా వచ్చింది, ముందు కాదు.

"మీ ధైర్యం గురించే రాసిన గదా, అది తప్పెట్లయితది?" అని నోరు జారాడు సాయిచంద్.

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండుననిపించింది అతనికి.

"మేం కాఫీలు ఇవ్వడానికే ఉన్నామనుకుంటారండి అందరూ. విమానానికి ఏదైనా అయితే తలుపు తీసి మిమ్మల్ని బయటికి పంపాల్సింది మేమే. మేమే దెబ్బతిని పడి ఉంటే ఆ తలుపు ఎవరు తీస్తారు? అందుకే ముందు మేం కూర్చోవాలి."

ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. సాయిచంద్ ఆ పూట ఒక్క లైను ప్రోగ్రాం కూడా రాయలేకపోయాడు. తన సంచికోసం ఒక మనిషి ఎముక విరిగింది, తన గొప్పలకోసం ఆమె ఉద్యోగం పోబోతోంది. అంత సిగ్గు అతను జన్మలో ఎరగడు.

సోమవారం పిలవకుండానే బేగంపేటలోని ఎంక్వైరీ గదికి వెళ్ళాడు. అధికారి రామాంజనేయులు ఎదుట జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నాడు. వెనక సీట్లోని మరో హోస్టెస్ చెప్పినదానికీ అది సరిపోయింది.

"మరి జరగనిది ఉత్తరంలో ఎందుకు రాశారు?" అన్నాడు రామాంజనేయులు.

జాయ్స్ పక్క కుర్చీలోనే ఉంది.

"ఆమె అంటే ఇష్టం సార్. ఎంత పొగిడినా తక్కువే అనిపించింది. నా తప్పు ఒప్పుకునే ధైర్యం లేక, ఆమె ధైర్యం పెంచి రాసిన."

రామాంజనేయులు కలం ఆపి, ఇది కూడా రాసుకోమంటారా అని అడిగాడు.

"రాసుకోండి సార్. ఇది నిజమే."

మధ్యాహ్నానికి నిర్ణయం చెప్పారు. ఎముక అతకగానే జాయ్స్ మళ్ళీ ఎగరవచ్చు.

బయట సన్నగా తుంపర పడుతోంది. మెట్ల మీద ఆమె ఆగింది.

"లోపల చెప్పింది కూడా పెంచి చెప్పారా?"

"లేదు. తగ్గించి చెప్పిన. మీ సార్ ముందట ఇంకెంత చెప్తం?"

జాయ్స్ నవ్వబోయి, భుజం కలుక్కుమంటే పట్టుకుంది. తనకు కోపం ఇంకా పోలేదనీ, అయినా అంతమందిలో తప్పు నాదేనన్న మగవాణ్ణి ఇప్పుడే చూశాననీ చెప్పింది.

"ఆదివారం చర్చి అయ్యాక బాలానగర్‌లో మా ఇంటికి రండి. దెబ్బ తగిలినప్పటి నుంచి మా అమ్మే నాకు జడ వేసి, అన్నం కలిపి పెడుతోంది. మిమ్మల్ని తిట్టాలని కాచుక్కూర్చుంది."

"తిట్టినంక?"

"భోజనం పెడుతుంది. అప్పుడు, మా సార్‌కి తగ్గించి చెప్పిన మాట ఆవిడకి పూర్తిగా చెప్పండి."