అమ్మ దిక్కు

శ్రీరంగాపూర్ అవతల, క్వారీ గుట్ట కింద బాట రెండుగా చీలుతుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. తప్పనిసరైతే రోడ్డు దిగేచోటే ఒక గులకరాయి ఏరుకొని, అన్నం తినే చేతిలో గట్టిగా పట్టుకుంటారు. ఆ చీలిక దగ్గర దెయ్యం మనిషికి కుడి ఎడమలు తారుమారు చేస్తుందట. రాయి ఉన్న చెయ్యి కుడి... ఆ గుర్తొక్కటే ఆధారం.

ఆ దెయ్యానికి ఊరు పెట్టిన పేరు ఏసమ్మ.

ఏసమ్మ ఆ క్వారీలో రాళ్లు కొట్టేది. పేలుడులో చనిపోయింది. ఆ రోజు ఆమె పనికే రాలేదన్నాడు కాంట్రాక్టర్. తర్వాత ఇద్దరు చీకట్లో గుంతలో పడితే, ఏసమ్మే పిలిచిందన్నారు. గుట్టను తొలిచేకొద్దీ బాట మారుతుంది. నిన్నమొన్నటిదాకా ఊరికి పోయిన దారి ఇవాళ గుంత అంచున తెగిపోతుంది. కంచె లేదు, బోర్డు లేదు. అయినా తప్పు చచ్చినదానిది!

"దెయ్యాలు పుట్టవు, దోపిడీ వాటిని పుట్టిస్తుంది" అని సభల్లో అరిచేవాణ్ణి. ఆ మాట మా ఎర్రజెండా సంఘం నాయకుడు విజయ్ దగ్గర నేర్చుకున్నదే.

ఏసమ్మ కూతురు స్వరూప నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. క్వారీని పెంచడం మీద అధికారులు ప్రజల మాట వినే సభ పెట్టారు. పేలుడు రోజు తల్లికి సద్ది తీసుకుపోయింది స్వరూపే. ఏసమ్మ పనిలో ఉందని కళ్లారా చూసిన మనిషి, చెప్పగల మనిషి, ఈమె ఒక్కతే. ఈమె నోరు విప్పకపోతే గుట్ట పోతుంది. ఏసమ్మ ఎప్పటికీ దెయ్యంగానే మిగిలిపోతుంది.

స్వరూపకు చిన్నప్పటి నుంచీ కుడి ఎడమలు తెలియవు. ఎటు నడిచినా తల్లి ఆమె ఎడమ చెయ్యే పట్టుకునేది. అందుకని ఎడమంటే అమ్మ దిక్కు. ఒకసారి సంఘం ఆఫీసులో ఈ సంగతి చెబితే విజయ్ పగలబడి నవ్వాడు.

"ఎడమ ఏదో తెల్వనిదానివి మా సంఘంలకెట్ల వచ్చినవే, పిల్లా?"

సభకు ముందు రాత్రి జరిగింది స్వరూప నాకు చెప్పింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

సభ కోసం ఊరికొస్తూ ఆఖరి బస్సు దిగింది. బండి తెస్తానన్న విజయ్ లేడు. ఫోన్ మోగింది.

"చెల్లె, బండి పంక్చరైంది. నడ్సుకుంట రా."

"అన్నా, బాట ఇప్పుడు ఏ దిక్కున్నది?"

అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

"మీ అమ్మ దిక్కు," అన్నాడు మెల్లగా. "లైటెయ్యకు. కాంట్రాక్టర్ మనుషులు తిరుగుతుండ్రు."

కుడిచేతిలో రాయి పట్టుకొని నడిచింది. ఎడమ చెయ్యి ఖాళీ. చీలిక వచ్చింది. నిలబడి చూసింది. చీకట్లో రెండు బాటలూ ఒక్కతీరే ఉన్నాయి.

అమ్మ దిక్కు తిరిగింది.

కొంచెం దూరం పోయాక గాలి చల్లబడింది. రాతిపొడి వాసన వచ్చింది. అప్పుడు... ఎడమ చేతిని ఎవరో పట్టుకున్నారు.

"విజయన్నా?"

కాయలు కాసిన అరచెయ్యి. మణికట్టు దగ్గర పట్టు బిగిసింది — వెనక్కి గుంజింది. కుడిచేతిలో రాయి జారి, ముందుకు దొర్లిపోయింది. పడ్డ చప్పుడు లేదు...

కాసేపటికి, ఎక్కడో కింద, నీళ్ల చప్పుడైంది.

ఫోన్ లైటు వేసింది. కాలివేళ్ల ముందు బాట లేదు. పక్కన ఎవరూ లేరు.

పొద్దున షామియానా కింద విజయ్ మా అందరికీ చెప్పాడు: "స్వరూప రాదు కామ్రేడ్స్. కాంట్రాక్టర్‌కు అమ్ముడుపోయింది." చెప్పి మైకు అందుకున్నాడు. నేను అతని పక్కనే ఉన్నాను. పిడికిలి ఎత్తి, గొంతు చించుకొని అరిచాడు.

"ద్రోహుల్ని చరిత్ర ఎన్నటికీ..."

మాట ఆగిపోయింది. జనం మధ్య నుంచి స్వరూప నడిచి వస్తోంది. విజయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాత్రి తాను దెయ్యాన్ని చూడలేదని స్వరూప అంటుంది. దాన్ని చూసినవాడి ముఖం మాత్రం నేను చూశాను.

అతను గొణిగాడు. చేతిలో మైకు ఉన్నదని మరిచిపోయాడు. షామియానా అంతా విన్నది.

"నువ్వు... ఎట్లొచ్చినవ్?"

స్వరూప ఎడమ చెయ్యి ఎత్తింది. మణికట్టు చుట్టూ తెల్లటి రాతిపొడి — నాలుగు వేళ్ల అచ్చు.

"మా అమ్మ తోల్కొచ్చింది," అంది. "మైకు ఇటియ్యి, అన్నా."