నొప్పి లేని నెత్తురు

సోయా ముద్దతో కాచిన మిసో పులుసు పొయ్యి మీంచి దించి, కూతురికి గిన్నెలో పోసిచ్చి, ఇత్సుకో బకెట్‌లో గుడ్డ ముంచి పిండింది. నెలలు నిండిన ఆడది మోకాళ్ల మీద వంగి నేల తుడిస్తే కాన్పు సులువవుతుందని ఆ జపాను తీరపు ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. తన తల్లి తుడిచింది, తనూ తుడిచింది. నాగోయా నుంచి పురిటికి వచ్చిన కూతురు నగిసా మాత్రం వచ్చిన నాటి నుంచీ దిండుకు ఆనుకునే ఉంది.

"లేస్తావా, లేవవా? బిడ్డ కూడా నీలాగే బద్ధకించి లోపలే కూర్చుంటే?"

"నడుం లాగుతోందమ్మా."

"నిన్న తల తిరిగింది, ఇవాళ నడుం. నిన్ను కన్న రోజు కూడా చేపలు ఆరేశాన్నేను."

"తెలుసు. కడుపులో ఉన్నప్పటి నుంచీ వింటున్నా ఆ కథ."

ఇత్సుకోకు నవ్వొచ్చింది కానీ గుడ్డ అందిస్తూ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నగిసా పులుసు గిన్నె పక్కన పెట్టింది.

"అమ్మా, నాకు వచ్చే వారం ఆపరేషన్. సిజేరియన్. మాయ కిందికి దిగి అడ్డం పడిందట. వంగొద్దన్నారు, బరువులెత్తొద్దన్నారు."

"ఎప్పుడు చెప్పారు?"

"రెండు నెలలైంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఇదిగో, ఇలా మొహం పెడతావనే."

ఇత్సుకో మొహం నిజంగానే గట్టిపడింది. "డాక్టర్లకేం, కోస్తే వాళ్లకు త్వరగా పనైపోతుంది. నీకూ హాయే, కళ్లు మూసుకుని తెరిచేసరికి బిడ్డ పక్కన ఉంటుంది. మేమంతా నొప్పులు పడే కన్నాం. ఆ నొప్పే ఆడదాన్ని తల్లిని చేస్తుంది."

నగిసా దిండు పక్కకు నెట్టింది. తర్వాత లేచి వచ్చి తల్లి చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"అయితే నేను తల్లిని కాను. కనీసం నేలైనా తుడుస్తాను."

వరండా చెక్కల మీద మోకాళ్లూని తుడుస్తూ ముందుకు కదిలింది. వద్దులే అన్న మాట ఇత్సుకో నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రానివ్వలేదు.

వరండా సగంలో నగిసా ఆగిపోయింది. ఆమె వెనుక తడి చెక్క మీద ఎర్రగా, చిక్కగా ఒక చార.

"నగిసా! నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. కొంచెం కూడా లేదు." ఆమె గోడకు ఆనుకుంది. "నొప్పి లేకుండా నెత్తురు కనిపిస్తే క్షణం ఆగొద్దన్నారు. అంబులెన్స్‌ పిలువు."

ఆసుపత్రిలో నగిసాను లోపలికి తీసుకుపోయారు. సంతకం కోసం వచ్చిన నెరిసిన జుట్టు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది ఇత్సుకో.

"మామూలు కాన్పుకు ఆగితే కుదరదా అమ్మా?"

"బిడ్డ రావాల్సిన దారికే మాయ అడ్డంగా ఉంది. నొప్పులొచ్చి దారి తెరుచుకుంటే మాయ ఊడుతుంది. తల్లికి నెత్తురు ఆగదు, బిడ్డకు ప్రాణవాయువు అందదు. అందరికీ కొయ్యం. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా, ఇలా దారి మూసుకున్నా కొయ్యాల్సిందే."

"నేనే నేల తుడవమన్నాను."

"పడుకున్నా రావచ్చు ఇది. వెంటనే తెచ్చారు, అది చాలు."

తలుపు మూసుకుంది. ఆ మాట ఇత్సుకోకు చాలలేదు. నొప్పులు రావాలని ఇన్నాళ్లూ గుడి ఆచారం ప్రకారం దేవుడి ముందు చప్పట్లు చరిచి మొక్కుకుంది. ఆ మొక్కు ఫలించి ఉంటే? ముడుచుకున్న పిడికిలి విప్పి చూస్తే అందులో తడిగుడ్డ. ఇంటి నుంచీ అలాగే పట్టుకొచ్చింది. బల్ల మీద కూర్చుని ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకుని, లోపలి నుంచి ఏ శబ్దం వస్తుందా అని ఊపిరి బిగబట్టింది.

చివరికి ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా. ఆడపిల్ల. నగిసాకు నెత్తురు ఎక్కించారు కానీ గండం గడిచింది.

మర్నాడు నర్సు నగిసాను నిలబెట్టింది. సెలైన్‌ కడ్డీ పట్టుకుని, నగిసా రొయ్యలా వంగిపోయి, పిల్లల గదికేసి ఒక్కో అడుగూ వేసింది. నుదుటి నిండా చెమట. ఇత్సుకో ఆసరా ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. అద్దం అవతల గుడ్డల్లో చుట్టిన బిడ్డ కనిపించగానే నవ్వబోయి, కుట్లు లాగి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"నొప్పులు పడకుండా కనేశానమ్మా," అంది. "తల్లినేనా?"

ఇత్సుకో సంచిలోంచి తెల్లటి నడికట్టు తీసింది. ఐదో నెలలో కుక్క దినం నాడు, కుక్కలా సులువుగా కనాలని తనే ఆ కడుపుకు కట్టిన గుడ్డ అది. నర్సును అడిగి, కుట్లకు ఆసరాగా గౌను మీంచి దాన్ని మెల్లగా చుట్టసాగింది.

"వరండా సగమే తుడిచాను," అంది నగిసా.

"తక్కిన సగం నేను తుడుస్తాలే." కన్నీళ్లు ముడి మీద పడుతున్నా ఇత్సుకో తుడుచుకోలేదు. "నా నొప్పుల కథ ఇంక చాలు. ఎక్కడ నొప్పిగా ఉందో నువ్వు చెప్పు తల్లీ. నేను వింటాను."